జెండాకు కొడ్తం, సేటుకు కొట్టం

పోయిన వారం మనీషాను బడి వెనక నీళ్ల ట్యాంకు నీడలో, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా వదిలిపెట్టాం. అవతల షార్జా నుంచి తండ్రి మొగిలి మాట్లాడుతున్నాడు. కంపెనీ మూతపడిందనీ, జీతాలు ఆగిపోయాయనీ, వీసాలు మార్పిస్తానని ఒక పెద్దమనిషి స్వయంగా క్యాంపుకు వచ్చి మనవాళ్లందరి పాస్‌పోర్టులూ పట్టుకుపోయాడనీ, మళ్లీ ఆ ముఖం కనిపించలేదనీ చెప్పాడు. ఎవరా పెద్దమనిషి అని అడిగితే, "కోరుట్ల శ్యాంసుందర్ సేటు బిడ్డా" అన్నాడు. మనీషా తన మెడలో వేలాడుతున్న సైడ్ డ్రమ్ము వంక చూసుకుంది. దాని తెల్లటి పక్క మీద ఎర్రరంగుతో రాసి ఉన్నది అదే పేరు.

సింగరావుపల్లె హైస్కూలుకు ఆ బ్యాండు వచ్చి ఏడాది కాలేదు. అప్పటిదాకా పంద్రాగస్టు వస్తే పిల్లలు చప్పట్లు కొట్టుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లు. కోరుట్ల నుంచి పసుపురంగు బస్సులు వచ్చి పిల్లలను ఎక్కించుకుపోతుంటే సర్కారు బడి బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. హెడ్మాస్టరు రాజగంగారాం బడిని నిలబెట్టుకోవడానికి ఎక్కని గడప లేదు. చివరికి శ్యాంసుందర్ ముందుకొచ్చాడు. ఆయనది సిరిసిల్లలో సాంచాలు నడిపిన కుటుంబం. గుడ్డకు గిరాకీ పడిపోయి మరమగ్గాలు మూలపడ్డాక కోరుట్ల చేరి ట్రావెల్స్ ఆఫీసు పెట్టాడు. మనుషులను గల్ఫుకు పంపడంలో గుడ్డ నేయడంలో లేని లాభం ఉందని ఆయనకు తొందరగానే తెలిసింది. ఇప్పుడు ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచన కూడా ఉంది. బడికి బ్యాండు ఇచ్చాడు, వచ్చే ఏడు రెండు గదులు కట్టిస్తానన్నాడు. రిపబ్లిక్ డే నాడు ఆయనకు సన్మానం. బ్యాండుతో స్వాగతం.

ఆ బ్యాండుకు లీడరు మనీషా. పదో తరగతి. తల్లి లచ్చవ్వ పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లు ఆమెవి. పీఈటీ ప్రేమలత టీచర్ మొదటి రోజే ఆ వేళ్ల వేగం చూసి కర్రలు చేతికిచ్చింది. పెద్ద డ్రమ్ము రంజిత్‌ది. వాడి తండ్రి పరశురాములు, మొగిలి ఒకే విమానంలో వెళ్లారు, ఒకే గదిలో పడుకునేవారు. తాటిచెట్లు ఎండిపోయి, బోర్లు ఎండిపోయి, ఇద్దరూ చెట్లెక్కే మోకులు ఇంటి దూలానికి తగిలించి వెళ్లినవాళ్లే.

ఫోను వచ్చిన రోజు నుంచి మనీషా ఆ సంగతి రంజిత్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. తల్లికి చెప్పడానికి నోరు రాలేదు. లచ్చవ్వ రోజూ పొద్దున్నే లేచి ఏ దేవుడికి మొక్కినా, ఆ వెంటనే శ్యాంసుందర్ సేటు చల్లగా ఉండాలని కూడా మొక్కేది. పెద్దమనిషి, నలుగురు తెలిసినవాడు, ఎప్పటికైనా నెలలుగా కబురు లేని తన మనిషిని వెతికి తెస్తాడని ఆమె ఆశ.

తెల్లవారితే రిపబ్లిక్ డే. మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్రౌండులో ఆఖరి రిహార్సల్ పెట్టారు. ఒకపక్క షామియానా గుంజలు పాతుతున్నారు. ప్రేమలత టీచర్ పిల్లలను వరుసలో నిలబెట్టింది.

"జెండా వందనం అయినంక సేటు కారు గేటు కాడ ఆగుతది. ఆయన దిగంగనే మొదలు. స్టేజి దాకా ఆపొద్దు. రెడీ!"

విజిల్ మోగింది. ఫ్లూట్లు ఒక్క క్షణం పలికి ఆగిపోయాయి. డ్రమ్ము అందుకోలేదు. మనీషా మెడలోంచి పట్టీ తీసి, డ్రమ్మును నెమ్మదిగా నేల మీద పెట్టింది.

"ఏమైందే? పట్టీ తెగిందా?"

"తెగలే టీచర్. నేను గాయనకు కొట్ట."

టీచరుకు అర్థం కాలేదు. "ఎవలకు?"

"సేటుకు. మా బాపు పాస్‌పోర్టు గాయన కాడనే ఉన్నది. రంజిత్ వాళ్ల బాపుది గూడ. ఆడ జీతం లేక, కాయితం లేక క్యాంపుల పడి ఉన్నరు. ఈడ నేను గాయన ముంగట డ్రమ్ము కొట్టుకుంట నడువాల్నా?"

తండ్రి ఫోనులో చెప్పినదంతా చెప్పింది. టీచర్ వింటుండగానే వెనక నుంచి ధబ్బుమని చప్పుడైంది. రంజిత్ పెద్ద డ్రమ్మును దించి దాని పక్కన నిలబడ్డాడు.

"నేను గూడ కొట్ట టీచర్."

ఫ్లూటు వాయించే తొమ్మిదో తరగతి పిల్ల చేయెత్తింది. "మా చిన్నబాపు గూడ గా క్యాంపులనే ఉన్నడు టీచర్." ఒకరి వెంట ఒకరు పట్టీలు తీశారు. ఆ వరుసలో గల్ఫులో మనిషి లేని ఇల్లు ఒక్కటీ లేదు.

ప్రేమలత టీచర్ స్టేజి మెట్టు మీద కూర్చుంది. ఆమెది ఎల్లారెడ్డిపేట. సిరిసిల్లలో సాంచాలు బందైన ఏడు ఆమె అన్న బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకు పోయి, అక్కడ ఊపిరితిత్తులు చెడగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆమెకు వలస సంగతి కొత్త కాదు. ఉద్యోగం మాత్రం కొత్త. ఇంకా ఖాయం కాలేదు.

"రేపు ఎమ్మార్వో వస్తడు, పేపరోళ్లు వస్తరు. ఎర్కేనా?" అంది.

"ఎర్కనే టీచర్."

"హెడ్మాస్టర్ సారుకు నేను చెప్త. కాని సారు ముంగట గీ మాటనే నువ్వు గూడ అనాలె. నా ఎన్క దాగొద్దు."

"దాగ టీచర్."

రాజగంగారాం సారు అంతా విని తలుపు దగ్గరికి వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, మీ పిల్లను మా బడికి పంపండని దండం పెట్టి అడిగిన మనిషి.

"మనీషా, నువ్వు తెలివికల్ల పిల్లవు. నేను జెప్పేది యిను. ఆరో తరగతిల పిల్లలు ఎట్ల తగ్గిండ్రో నువ్వే చూస్తున్నవు. పై తరగతులకు గదులు లేవు. సేటు గదులు కట్టియ్యకపోతే గీ బడిని తీస్కపోయి మేడిపల్లిల కలుపుతరు. నువ్వంటే పదో తరగతి, ఎల్లిపోతవు. నీ ఎన్క వచ్చే ఆడపిల్లలు గంత దూరం నడుస్తరా? ఇంట్ల కూసుండి బీడీలు చేస్తరు. గది కావాల్నా నీకు?"

మనీషా తల వంచుకుంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెనక వచ్చే పిల్లలలో ఆమె చెల్లెలు కూడా ఉంది. అయినా తలెత్తింది.

"గదులు సర్కారు కట్టియ్యాలె గద సార్? మీరే జెప్పిండ్రు పాఠంల."

"పాఠంల మస్తు ఉంటయి!" సారు గొంతు పెరిగింది. పెరిగినందుకు ఆయనకే సిగ్గేసినట్టుంది, అటెండరును పిలిచి లచ్చవ్వను తోలుకరమ్మని చెప్పి కిటికీ వైపు తిరిగాడు.

లచ్చవ్వ వచ్చేసరికి గేటు ముందు తెల్లకారు ఆగి ఉంది. షామియానా చూడడానికి వచ్చిన శ్యాంసుందర్ చెవిలో ఎవరో అప్పటికే సంగతి వేశారు. ఆయన హెడ్మాస్టరు గదిలో, హెడ్మాస్టరు కుర్చీకి ఎదురుగా ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. తెల్లటి అంగీ, నుదుట సన్నటి గంధం. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు.

"రా చెల్లే, కూసో" అన్నాడు లచ్చవ్వను చూసి.

లచ్చవ్వ కూర్చోలేదు. చీర కుచ్చిళ్ల మీద అంటిన తునికాకు పొట్టు దులుపుకుంటూ కూతురి వంక భయంగా చూసింది. "ఏం జేసినవే? సార్లకు ఎదురు మాట్లాడినవా?"

"అవ్వా, బాపు పాస్‌పోర్టు పట్కపోయింది గీయననే. క్యాంపుకు వచ్చి గుంజుకపోయిండట. బాపే ఫోన్ల జెప్పిండు."

లచ్చవ్వ సేటు వైపు తిరిగింది. సేటు చిన్నగా నవ్వాడు, తెలియని పిల్ల మాటకు పెద్దవాళ్లు నవ్వినట్టు.

"నా కాడెందుకు ఉంటది బిడ్డా? గా కంపెనీ ఎవలదో నాకే ఎర్కలే. క్యాంపుల పడి ఉన్నోళ్లకు దిమాక్ ఖరాబైతది, ఎవని పేరు యాదికొస్తే వాని మీద పెడ్తరు. నేను పట్టించుకోను. మొగిలి నా తమ్మునసొంటోడు." లచ్చవ్వ వైపు తిరిగాడు. "చెల్లే, నాకు ఆడ నల్గురు తెల్సు. నా పలుకుబడి పెట్టి మొగిలిని రప్పిస్త. గీ నెల తిరుగకముందే నీ వాకిట్ల నిలవెడ్త. రేపటి ప్రోగ్రాం మాత్రం ఖరాబు కావద్దు. బిడ్డ డ్రమ్ము కొట్టుకుంట నా ముంగట నడువాలె. మైకుల రెండు మంచి మాటలు చెప్పాలె. గంతే."

లచ్చవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించింది, సేటుకు కాదు, కూతురికి.

"కొట్టు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. ఒక్క పూట గద. కొడ్తే నీ చేతులేమన్న అరుగుతయా?"

మనీషాకు తల్లి అలా చేతులు జోడించడం చూడడం అదే మొదటిసారి. తండ్రి వాకిట్లో నిలబడి, సంచి దించి, తన పేరు పిలిచినట్టు ఒక్క క్షణం కనిపించింది. అవును అని అనేయాలనిపించింది. నిజానికి ఆ మాట గొంతు దాకా వచ్చింది.

"మా బాపు ఒక్కడేనా?" అంది.

"ముందుగాల మీ బాపు."

"రంజిత్ వాళ్ల బాపు? కడుమోళ్లు, గా క్యాంపుల ఉన్నోళ్లందరు?"

సేటు వాచీ చూసుకున్నాడు. "ఎవని నసీబు వానిది బిడ్డా. ఊరందరి బరువు నువ్వు మొయ్యకు. నీ ఇంటి దీపం చూసుకో."

"నేను ఒక్కదాన్నే డ్రమ్ము కొడ్తలే సేటూ. అందరం కలిసి కొడ్తం."

సేటు ఓపిక మొదటిసారి కొంచెం సడలింది. జేబులోంచి ఫోను తీశాడు. "నా మాట మీద నమ్మకం లేకుంటే మీ బాపు మాటనే యిను" అని నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల ఎవరో హిందీలో పలికారు. "మొగిలీకో దో" అన్నాడు సేటు. కొద్దిసేపటికి దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో లచ్చవ్వకు చెప్పాల్సిన పని లేదు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"మొగిలీ, నీ బిడ్డ ఈడనే ఉన్నది. నేను జెప్పిన ముచ్చట చెప్పు."

"బిడ్డా..." అవతలి గొంతు ఆగి, మళ్లీ మొదలైంది. "సేటు సాబ్ జెప్పినట్టు యిను. సాబ్ మనకు దేవుడు. కొట్టు బిడ్డా."

మొగిలి ఎప్పుడూ ఎవరినీ సాబ్ అని పిలిచిన మనిషి కాదు. మనీషా ఫోను మీదికి వంగింది.

"బాపూ, నీ అంతట నువ్వే అంటున్నవా గీ మాట?"

అవతల నుంచి ఊపిరి చప్పుడు మాత్రం వచ్చింది. సేటు ఫోను తీసుకుని కట్ చేశాడు.

"యిన్నవు గద?"

మనీషా కాదు, లచ్చవ్వ మాట్లాడింది. ఆమె గొంతు మారిపోయింది. కూతురికి కూడా కొత్తగా అనిపించేంతగా మారిపోయింది.

"సేటూ, దసరా ముంగట నీ ఆఫీసు మెట్ల మీద పొద్దందాక కూసున్న. యాదికున్నదా? 'గా కంపెనీ పేరే నేనెన్నడు యినలే చెల్లే, దేశం గాని దేశంల ఏడని దేవులాడుత' అన్నవు. ఇప్పుడు, గీ కుర్చీలనే కూసుండి, ఎవలదో ఎర్కలే అన్నవు. మరి గొళ్లెం తీసినంత అల్కగ ఫోను ఎట్ల కలిసె?"

సేటు ఒక్క క్షణం తడుముకున్నాడు. "నంబరు... నిన్ననే దొరికింది చెల్లే."

"నిన్న దొరికితే నిన్ననే నాకెందుకు జెప్పకపోతివి? నా మొగని గొంతు యినక నేనెట్ల బత్కుతున్ననో నీకెర్క లేదా? నీ కీసల పెట్టుకొని, ఇయ్యాల అమ్ముకోను వచ్చినవా?"

"చెల్లే, జర సోంచాయించి మాట్లాడు." గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "మొగిలి ఆడున్నడు. నువ్వు ఈడున్నవు. నడుమ సముద్రం ఉన్నది."

"గా సముద్రం దాటిచ్చినోనివి నువ్వే గద? మళ్ల నువ్వే దాటియ్యాలె. నా మొగన్ని ఒక్కన్నే కాదు, ఎంతమందిని తోల్కపోతే గంతమందిని." లచ్చవ్వ కూతురి చేయి పట్టుకుంది. "నా బిడ్డ కొట్టది. ఇందాక నేనే కొట్టుమన్న. ఇప్పుడు నేనే వద్దంటున్న."

సేటు లేచి అంగీ సర్దుకున్నాడు. హెడ్మాస్టరు కూడా అలవాటుగా సగం లేచి, లేచానని గమనించి మళ్లీ కూర్చున్నాడు.

"సార్, రేపు పొద్దుగాల వస్త. బ్యాండు ఉండాలె. లేకుంటే గదుల ముచ్చట మర్చిపోండ్రి" అని సేటు వెళ్లిపోయాడు. కారు దుమ్ము లేపుకుంటూ గేటు దాటింది.

రాజగంగారాం సారు బల్ల మీద ఉన్న గ్లోబును ఒకసారి తిప్పి వదిలాడు. "ప్రేమలతా, రేపు బ్యాండు ఉండాలె" అన్నాడు తలుపు దగ్గరున్న టీచరుతో, ఎవరి ముఖమూ చూడకుండా.

"ఉంటది సార్. జెండా ఎగిరేటప్పుడు కొట్టిచ్చుడు నా డ్యూటీ."

ఆ మాట మనీషాకు దారి చూపినట్టైంది. "అవు సార్. జెండాకు కొడ్తం. సేటుకు కొట్టం."

సారు అవునని అనలేదు. కాదనీ అనలేదు. "పోయేటప్పుడు తలుపు దగ్గరికేసి పోండ్రి" అన్నాడు, అంతే.

బయట పిల్లలు ఒక్కరూ ఇంటికి పోలేదు. గ్రౌండులోనే కూర్చుని ఎదురుచూస్తున్నారు. సంగతి వినగానే రంజిత్ ఇటుక పెంకు ఒకటి ఏరుకొచ్చి పెద్ద డ్రమ్ము పక్క మీద ఉన్న ఎర్ర అక్షరాలను గీకడం మొదలుపెట్టాడు.

"పైలంరా! తోలు చినుగుతది, పక్కకే గీకు" అని అరిచింది ప్రేమలత టీచర్. అరిచాక ఆమెకే నవ్వొచ్చింది. పొద్దుగూకే వేళకు డ్రమ్ముల మీద పేరు పోయి ఎర్రటి మరకలు మిగిలాయి.

మర్నాడు పొద్దున ఊరంతా బడి దగ్గరే ఉంది. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి గోడ వెంట బారుగా నిలబడ్డారు. ఏదో జరగబోతోందని అందరికీ తెలుసు, ఏమిటన్నది కొందరికే తెలుసు. ఎమ్మార్వో తాడు లాగాడు. జెండా విచ్చుకుని పూలు రాలాయి. మనీషా కర్ర పైకెత్తింది. ఆ తర్వాత మోగిన మోత సింగరావుపల్లె అంతకుముందు వినలేదు. రంజిత్ పెద్ద డ్రమ్మును కొడుతుంటే షామియానా బట్ట అదిరింది. పాట అయిపోయింది. మనీషా చేయి దించింది. చప్పుడు ఒక్కసారిగా తెగింది.

"ఇప్పుడు మన బడి దాత, శ్రీ శ్యాంసుందర్ గారికి బ్యాండుతో స్వాగతం" అని మైకులో వినిపించింది. హెడ్మాస్టరు గొంతులో పస లేదు.

గేటు దగ్గర కారు తలుపు తెరుచుకుంది. సేటు దిగాడు. పిల్లలు పట్టీలు తీసి డ్రమ్ములు కాళ్ల దగ్గర పెట్టారు. కర్రలు వాటి మీద అడ్డంగా ఉంచారు. చేతులు కట్టుకున్నారు. గేటు నుంచి స్టేజి దాకా సేటు నడిచిన దూరమంతా ఆయన చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపించింది. పేపరు మనుషులు ఫోటో ఎవరిని తీయాలో తెలియక సేటునూ, పిల్లలనూ మార్చి మార్చి చూశారు. గోడ దగ్గర లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె ఏడవడం లేదు.

సేటు ముఖంలో కోపం లేదు. అది చూసే మనీషాకు భయం వేసింది. ఆయన మైకు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"పిల్లలు అలిగిండ్రు. వాళ్ల తప్పు లేదు, ఎవలో చెప్పిన మాటలు యిన్నరు. నేను మాటలు జెప్పేటోన్ని కాదు, పని జేసి చూపిచ్చేటోన్ని." కారు వైపు చేయి ఊపాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ఒక మనిషి నెమ్మదిగా దిగాడు. ఎండిన ఒంటి మీద మడతలు విప్పని కొత్త అంగీ. కళ్లు లోతుకు పోయాయి. వెలుగుకు చేయి అడ్డం పెట్టుకుని జనం వంక చూశాడు. ఎవరూ పోల్చుకోలేదు, ఒక్కడు తప్ప.

"బాపూ!"

రంజిత్ కేకకు గ్రౌండంతా కదిలింది. పరశురాములు! రంజిత్ వరుస విడిచి పరిగెత్తి తండ్రి నడుము చుట్టుకుని ఏడ్చాడు. పరశురాములు వాడి తల మీద చేయి వేసి అలాగే నిలబడ్డాడు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. సేటు ఆ ఏడుపు ఆగేదాకా మర్యాదగా ఆగాడు.

"పరశురాములూ, నీ కొడుకు పెద్ద డ్రమ్ము కొడ్తడట. నువ్వు జెప్తే కొడ్తడు కావచ్చు."

తండ్రీ కొడుకులు వరుస దగ్గరికి వచ్చారు. పరశురాములు వంగి, డ్రమ్ము మీది కర్ర తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "కొట్టు కొడుకా. నన్ను తెచ్చింది సేటే."

రంజిత్ మనీషా వంక చూశాడు. వాడి ముఖమంతా తడి. తండ్రి వచ్చిన సంతోషం ఒకపక్క, ఏం చేయాలో తోచని బాధ ఒకపక్క. మనీషాకు వాడి మీద కోపం రాలేదు. తన తండ్రి దిగి ఉంటే తనేం చేసేదో ఆమెకు తెలియదు.

"కొట్టు రంజిత్" అంది మెల్లగా. "మీ బాపు అచ్చిండు. నేనేమనుకోను."

వాడు కర్రను కాసేపు చేతిలో తిప్పాడు. తర్వాత దాన్ని తీసుకెళ్లి తండ్రి చేతికే ఇచ్చేశాడు.

"నువ్వచ్చినవు బాపూ. మొగిలి పెదబాపు రాలే. కడుమోళ్లు రాలే. అందరు అచ్చిననాడు చేతులు పలిగేటట్టు కొడ్త."

పరశురాములు చేతిలోని కర్రను చూశాడు. పేరు గీకేసిన డ్రమ్ములను చూశాడు. చేతులు కట్టుకుని నిలబడిన పిల్లల వరుస పొడవునా ఆయన చూపు నడిచింది. ఆ ముఖాల్లో క్యాంపులో తనతో ఒకే గిన్నెలో తిన్న మనుషుల పోలికలు ఆయనకు కనిపించి ఉండాలి. చివరికి గోడ దగ్గరి లచ్చవ్వ మీద ఆ చూపు ఆగింది. ఆగి, పక్కకు తప్పుకుంది.

"రా, రెండు మాటలు చెప్పు" అని సేటు స్టేజి మీద నుంచి పిలిచాడు. పరశురాములు మెట్లెక్కాడు. ఎవరో చేతికి పూలదండ అందించారు. ఆయన దాన్ని సేటు మెడలో వేయలేదు. ఖాళీ కుర్చీ మీద పెట్టి మైకు ముందుకు వచ్చాడు.

"రాత్రి ఎయిర్‌పోర్టు నుంచి అచ్చేటప్పుడు, కార్ల సేటు నాకు చెప్పాల్సిన మాటలు నేర్పిండు." గొంతు బొంగురుగా ఉంది. "గవన్ని నేర్చుకున్న. ఈడికచ్చినంక గీ పోరగాండ్లను చూసి మర్చిపోయిన."

సేటు మైకు మనిషి వైపు కళ్లెత్తాడు. మైకు గరగరమని ఆగిపోయింది. పరశురాములు ఒక్క అడుగు ముందుకు వేసి స్టేజి అంచున నిలబడ్డాడు. తాటిచెట్టు కొస నుంచి కిందికి కేకేసే మనిషి గొంతు అది. దానికి మైకు అక్కర్లేదు.

"లచ్చవ్వ వదినే! కార్ల సేటే జెప్పిండు, నిన్న నీకు ఫోను కలిపి మొగిలన్నతోని మాట్లాడిచ్చిండట గద? గది క్యాంపు నంబరు కాదు. మొగిలన్న మా తాన లేడు. ఇంటికి ఫోను జేసి సేటు పేరు జెప్పిన తెల్లారే వచ్చి తీస్కపోయిండ్రు. బండి ఎన్క ఉరికిన నేను. ఏడ దించిండ్రో నా కండ్లతోని చూసిన."